లేపాక్షి కళ్ళజోడు

కృత్తిక కార్తె, మొదటి వారం

కమిటీ వారికి నమస్కారం. ఏడో అద్దాల పొలం కంటి ఆసుపత్రి నుంచి డాక్టర్ చౌడేశ్వరి రాస్తున్నది. మీరు పంపిన మూడు రికార్డు సిస్టమ్‌లూ అందాయి. మూడింటినీ వాడి చూసి, ఏది మంచిదో ఆరుద్ర కార్తె లోపల తేల్చమన్నారు. నేను దేన్ని ఎంచుకుంటే మిగతా పొలాల ఆసుపత్రులన్నీ దాన్నే తీసుకుంటాయట. పైగా ఎప్పటికప్పుడు ఏం జరిగిందో ఇలా రాసిపెట్టాలట. నేను రోగులను చూడనా, కూర్చుని మీకు కథలు చెప్పనా? సరే, రాస్తాను. నాకు ముక్కు మీద కోపమని మీకు ఎవరో ఒకరు చెప్పే ఉంటారు, కాబట్టి మధ్యలో విసుక్కుంటే ఏమీ అనుకోకండి.

సిస్టమ్ అవసరం లేదని మాత్రం అనను. మా దగ్గర ఇన్నాళ్ళూ అట్ట కార్డులే. సగం చెదలు తిన్నాయి. అద్దాలు కడిగే కూలీలను ఈ ఏడు ఈ పొలానికీ వచ్చే ఏడు ఇంకో పొలానికీ తోలుతారు. మనిషి పోతాడు, కార్డు నా బీరువాలో ఉంటుంది. అక్కడి డాక్టరుకు ఆ కంట్లో ముందే కాలిన మచ్చ ఉందని తెలిసే దారి లేదు. పగటిపూట అద్దం కడగడానికి ఎక్కించేస్తారు, ఆ మచ్చ కాస్తా పెద్దదవుతుంది.

మా ఆసుపత్రిలో ఉండేది ముగ్గురం. నేను కళ్ళు చూస్తాను. మా ఆయన పెన్నోబులేసు వెనక గదిలో కళ్ళజోళ్ళు చేస్తాడు. ఖాసింబీ ముందు గదిలో పేర్లు రాస్తుంది, చుక్కల మందు వేస్తుంది, అందరినీ కసురుతుంది. పొద్దున పొలంలోని ఎండ కరెంటు అద్దాలు సూర్యుడి వైపు తిరిగే సైరన్ మోగగానే, ఆ వెలుగు కంట్లో పడకుండా ఊరంతా నల్ల తెరలు దించుకుంటుంది, మేమూ దించుకుంటాం. ఆ తర్వాత ఖాసింబీ తయారైన కళ్ళజోళ్ళ పళ్ళెం పట్టుకుని గుమ్మంలో నిలబడి, ఎవరి జోడు వాళ్ళ పేరు గట్టిగా పిలుస్తుంది. మూడుసార్లు పిలిచినా ఎవరూ రాకపోతే ఆ జోడు దానం పెట్టెలోకి పోతుంది. ఈ ఆనవాయితీ ఆమె పెట్టిందే. ఆమె గొంతుకు పక్క వీధి కోళ్ళు కూడా బెదురుతాయి.

ఏ సిస్టమ్ పెట్టినా ఈ పిలుపు మాత్రం మాననని ఆమె నాకు ముందే చెప్పేసింది. మీకూ చెప్పమంది. చెప్పాను.

కృత్తిక కార్తె, రెండో వారం

మూడింటిలో ఒకదాన్ని తీసి అవతల పెట్టాను. దాని పేరు సర్వహిత. ఉత్తుత్తి పేరుతో పెట్టిన అరవై ఏళ్ళ మగ మనిషిని ఆఖరి కాన్పు ఎప్పుడయిందని అడిగింది. పళ్ళ సంగతి అడిగింది, మోకాళ్ళ సంగతి అడిగింది. కంటి దగ్గరికి వచ్చేసరికి ఒకటే గడి: బాగుంది, బాగోలేదు. మనిషికి రెండు కళ్ళుంటాయని దాన్ని తయారుచేసిన మహానుభావుడికి ఎవరూ చెప్పినట్టు లేదు. ఖాసింబీ నవ్వి నవ్వి కుర్చీలోంచి పడబోయింది.

మిగిలినవి రెండు. ఒకటి పలక. బూడిద రంగు తెర, నత్త నడక. మనం రాసింది దాచుకుంటుంది, రాయనిచోట ఖాళీ వదిలేస్తుంది. అంతకుమించి దానికి ఏమీ చేతకాదు. రెండోది ముందుచూపు. దాన్ని చూస్తే కళ్ళు తిరుగుతాయి. రెటీనా బొమ్మ పెడితే చాలు, ఈ కన్ను ఐదేళ్ళ తర్వాత ఎలా ఉంటుందో గీసి చూపిస్తుంది. రోగి మధ్యలో రెండేళ్ళు రాకపోయినా ఆ రెండేళ్ళూ ఏం జరిగి ఉంటుందో తనే లెక్కగట్టి గడులన్నీ నింపేస్తుంది. తను నింపినవి లేత రంగు అక్షరాల్లో, మనం రాసినవి నల్ల అక్షరాల్లో ఉంటాయి. కళ్ళజోడు అవసరమైతే నా సంతకం కూడా అడగకుండా మా ఆయన గదిలోని కళ్ళద్దాల మిషనుకు ఆర్డరు పంపుతుందని దాని పుస్తకంలో గొప్పగా రాసుకున్నారు. పుస్తకంలో రాసినవన్నీ ఎవరు చదువుతారు? ఆ పేజీ నేను తర్వాత చదివాను.

మొదటి విడతలో ప్రాణంతో ఉన్న రోగుల వివరాలు వాడకూడదన్నారు కదా. అందుకని ఖాసింబీ తిమ్మక్క అనే మనిషిని పుట్టించింది. ఊరు, పేరు, వయసు, మొగుడి మీద ఫిర్యాదు, అన్నీ ఇచ్చింది. కంటి కొలతలు దగ్గరికి వచ్చేసరికి నోటికొచ్చిన అంకెలు వేసింది. ముందుచూపు ఒప్పుకోలేదు. ఇంత నిడివి ఉన్న కంటికి ఈ నంబరు కుదరదు, మళ్ళీ కొలవండి అంది. ఎన్ని మార్చినా అదే మాట. దానికి నిజమైన కళ్ళే కావాలి.

అప్పుడు బీరువా తెరిచాను. పెద్దవాళ్ళ కంటికి మా మామగారి కార్డు తీశాను. ఆయన పోయి చాలాకాలమైంది. చిన్నపిల్లల కంటికి మా లేపాక్షి కార్డు తీశాను.

లేపాక్షి మా కూతురు. తొమ్మిదో ఏట, ఆరేళ్ళ కిందట, ఆశ్లేష కార్తెలో దుమ్ము లేచి దారులు మూసుకుపోయిన వారంలో మెదడు జ్వరంతో పోయింది. నాలుగో ఏటి నుంచీ దాని కళ్ళు నేనే చూశాను. కంటి ఫోటోలతో సహా ఇంత తప్పు లేని కార్డు ఈ ఆసుపత్రిలో ఇంకో పిల్లకు లేదు. కమిటీ వారూ, మీ నిబంధన నేను తప్పలేదు. అది ప్రాణంతో లేదు.

పని కాబట్టి చేశాను. మా ఆయనకు చెప్పలేదు. చెప్పేంత పెద్ద సంగతి కాదనుకున్నాను.

కృత్తిక కార్తె, చివరి రోజు

లేపాక్షి కార్డు పలకలో పెడితే తొమ్మిదో ఏటి దాకా చూపించి ఊరుకుంది. కింద అంతా తెల్లగా ఉంది.

ముందుచూపు కొంచెం ఆలోచించుకుని, తెర నిండా రాసింది. "లేపాక్షి, పదిహేనేళ్ళు. రెండు కళ్ళూ మైనస్ నాలుగున్నర. బోర్డు మీది అక్షరాలు మసకగా ఉన్నాయని చెప్పవచ్చు. సాయంత్రాలు తలనొప్పి రావచ్చు. పుస్తకం మరీ దగ్గరగా పెట్టుకోకుండా చూడండి." పక్కన రెండు కళ్ళ బొమ్మలు. నల్లగుడ్డు చుట్టూ తేనె రంగు అలాగే ఉంది. రెప్పలు కొంచెం బరువెక్కాయి, మా అత్తగారి రెప్పల్లాగా.

పుస్తకం ముఖానికి ఆనించుకుని చదవడం దానికి చిన్నప్పటి నుంచీ ఉన్న పాడు అలవాటు. ఎన్ని దెబ్బలు తిందో దానికోసం. ఆ సంగతి కార్డులో లేదు. కంటి నిడివిని బట్టి అదే కనిపెట్టింది.

ఇవాళ సైరన్ కంటే ముందే ఆసుపత్రికి వచ్చాను. ఖాసింబీ రాకముందే దాన్ని తెరిచి చూశాను. నిన్న కూడా అంతే చేశాను. సిస్టమ్‌ను పరీక్షిస్తున్నానని మీకు రాయగలను కానీ అది అబద్ధం. నా బిడ్డను చూసుకోవడానికి వస్తున్నాను.

రోహిణి కార్తె, మొదటి వారం

రెండో విడత మొదలైంది. బతికున్న రోగుల కార్డులన్నీ, పొలం ఆఫీసు ద్వారా వాళ్ళ వేలిముద్రలు తెప్పించుకుని, రెండు సిస్టమ్‌లలోనూ ఎక్కించాం. చేతులు పడిపోయాయి. ఎండ సంగతి చెప్పనక్కర్లేదు, తెరలు దించిన గదిలో కూడా స్టూలు మీద చెయ్యి పెడితే చురుక్కుమంటోంది.

నిజం ఒప్పుకోవాలి, ముందుచూపుతో పని పరుగెత్తుతోంది. రోగి కుర్చీలో కూర్చునేసరికి అన్నీ సిద్ధంగా ఉంటాయి. ఎవరు త్వరగా రావాలో ఎవరు రానక్కర్లేదో అదే తేల్చి వాళ్ళ ఫోన్లకు కబురు పంపుతుంది. కూలీలలో ఎవరిని పగటి పనికి ఎక్కించవచ్చో పొలం ఆఫీసుకు కూడా పంపుతుంది. ముందు గదిలో తొక్కిసలాట తగ్గింది.

"మేడమ్మా, ఇదే పెట్టేయండి. ఆ పలకను తీసుకుపోయి పిల్లోల్లకు ఆడుకోను ఇయ్యండి," అంది ఖాసింబీ.

నేనూ అటే మొగ్గుతున్నాను. ఎందుకు మొగ్గుతున్నానో నన్ను అడగకండి.

రోహిణి కార్తె, రెండో వారం

ఈ రోజు సంగతి రాయాలా వద్దా అని చాలాసేపు ఊరికే కూర్చున్నాను. సిస్టమ్‌కు సంబంధించిన సంగతే, కాబట్టి రాస్తున్నాను.

మధ్యాహ్నం తెరలు దించి, రోగులు ఎవరూ లేక, నేను మజ్జిగ తాగుతున్నాను. మా ఆయన వెనక గదిలోంచి వచ్చి బల్ల మీద ఒక కళ్ళజోడు పెట్టాడు. వంగపండు రంగు ఫ్రేము, పెద్ద గుండ్రటి అద్దాలు. పక్కనే ఆర్డరు చీటీ. చీటీ మీద నల్లటి అక్షరాలు: లేపాక్షి, పదిహేనేళ్ళు, మైనస్ నాలుగున్నర.

ఆ చీటీలో లేత రంగు లేదు, పరీక్ష రోగి అనే మాట లేదు. మిగతా ఆర్డర్ల మధ్యలో అదీ ఒక ఆర్డరులాగే వచ్చింది.

"నువ్వు రాసినావనుకుంటి," అన్నాడు ఆయన.

"నేను రాయల్యా. ఆ మిషను రాసింది. పరీక్షకని దాని కార్డు పెట్టినా. నీకు చెప్పాల్సింది."

ఆయన కోప్పడతాడేమో అనుకున్నాను. కోప్పడలేదు. ఎదురుగా రోగులు కూర్చునే కుర్చీలో కూర్చున్నాడు.

"పేరు చూసి మిషను ఆపేసినా, చౌడీ. చానాసేపు అట్లనే నిలబడుకోని ఉన్నా. మళ్ళ ఆర్డరు వచ్చినాది గదా అని చేసినా. ఏం చేయాల? చించి పారేయాల్నా?"

నేను చీటీ తిరగేసి బల్ల మీద పెట్టాను.

"ఈ ఫ్రేము యాదుందా నీకు? ఇదే కావాలని పోరుపెట్టె. మూతి కంటే పెద్దదుంటాది, పెద్దదానివైనాక పెట్టుకుందువులే అంటిని." కళ్ళజోడు కాళ్ళు విప్పి, మూసి, మళ్ళీ విప్పాడు. "కండ్ల మధ్య ఎంత ఎడం ఉండాల్నో అది కూడా రాసినాది. ఈ ఫ్రేము ఇప్పుడు సరిపోతాది."

ఆరేళ్ళుగా ఇద్దరం ఒక ఇంట్లో తింటున్నాం, ఒక ఆసుపత్రిలో పని చేస్తున్నాం. దాని పేరు మా మధ్య ఎవరూ ఎత్తలేదు. ఇవాళ ఆ పేరుతో ఒక వస్తువు బల్ల మీద ఉంది. ఇద్దరం ఏడ్చాం. మజ్జిగ అలాగే ఉండిపోయింది.

ఆ తర్వాత ఆయన, "తెరలో కూడా ఉందా?" అని అడిగాడు. చూపించాను. కళ్ళ బొమ్మలను చూస్తూ, "మా అమ్మ రెప్పలు," అన్నాడు. రేపటి నుంచి నాతో పాటే పొద్దున్నే వస్తానన్నాడు.

మృగశిర కార్తె, మొదటి వారం

తొలకరి పడింది. అద్దాల పొలం మీద వాన పడితే దూరం నుంచి చప్పుడు వేరుగా ఉంటుంది. వాన పడిన పూట అద్దాలు తిప్పరు, నల్లద్దాలు లేకుండా వీధిలోకి వెళ్ళొచ్చు. పిల్లలందరూ బయటే ఉన్నారు.

అలాంటి పూట వన్నూరప్ప వచ్చాడు. అద్దాలు కడిగే మనిషి, యాభై దాటాయి. రెండేళ్ళ కిందట కుడికంట్లో చిన్న కాలిన మచ్చతో నా దగ్గరికి వచ్చాడు. "పగటి పని వద్దు, నాలుగు నెలలకోసారి కళ్ళు చూపించుకోవాలి" అని కార్డు మీద నేనే రాశాను. తర్వాత అతన్ని పదకొండో పొలానికి తోలారు, నాకు మళ్ళీ కనపడలేదు. ఈ వేసవిలో తిరిగి ఇక్కడికే పంపారట. ఇవాళ భార్య సుంకులమ్మ చెయ్యి పట్టుకుని నడిపించుకు వచ్చింది.

కుర్చీలో కూర్చోబెట్టి నా వైపు చూడమన్నాను. అతను నా చెవి పక్కకు చూశాడు.

"నీ వైపే చూస్తాండా, మేడమ్మా. గోడ కనపడ్తాది. గడియారం కనపడ్తాది. నువ్వే కనపడల్యా."

మందు వేసి లోపలికి చూశాను. రెండు కళ్ళలోనూ సరిగ్గా నడిమధ్య కాలిపోయింది. కుడివైపు పాత మచ్చ పెరిగింది. ఎడమవైపుది పచ్చిది, పది పదిహేను రోజుల లోపలిది. దీనికి మందు లేదు, కళ్ళజోడు లేదు. చుట్టూ అంతా కనపడుతుంది, దేని వైపు చూస్తే అది కనపడదు.

నాకు ఒళ్ళు మండింది. "పగలు కడగొద్దని చెప్పినా గదా నీకు? రెండేండ్లు యాడ సచ్చినావు? వచ్చినాక ఒక్కసారి నాకు కండ్లు చూపించుకుంటే ఏం పోయింది?" అని అరిచాను.

సుంకులమ్మ కొంగులోంచి ఫోను తీసి నా ముందు పెట్టింది. "నువ్వే గదమ్మా వద్దనింది. ఈడికి వచ్చిన దినం రావాలనే అనుకునింటిమి. ఇది వచ్చినాది. సదువుకో."

చదివాను. మా ఆసుపత్రి పేరుతో వెళ్ళిన కబురు. కళ్ళు నిలకడగా ఉన్నాయి, ఈ ఏడాది రానవసరం లేదు. తేదీ రోహిణి కార్తె మొదటి వారం. మేము కార్డులు ఎక్కించిన వారం.

ముందుచూపు తెరిచాను. నేను చూడని రెండేళ్ళూ గడి తర్వాత గడి లేత అక్షరాలతో నిండి ఉన్నాయి. నిలకడ, నిలకడ, నిలకడ. చివర్లో, పగటి పనికి అడ్డు లేదు. మధ్యాహ్నం వాన తెరిపి ఇచ్చాక పొలం ఆఫీసుకు వెళ్ళి వాళ్ళ తెర చూశాను. అక్కడ ఆ అక్షరాలన్నీ నల్లగానే ఉన్నాయి.

ముందుచూపు కంపెనీ అమ్మాయికి ఫోను చేశాను. పాపం, మర్యాదగానే మాట్లాడింది. "మేడమ్, అది అంచనా మాత్రమే. మీ తెర మీద లేత రంగులో చూపిస్తోంది కదా?"

"నా తెర మీద చూపిస్తోంది. పొలం తెర మీద లేదు. వన్నూరప్ప ఫోనులో లేదు. మా కళ్ళద్దాల మిషను చీటీ మీద లేదు. వాళ్ళకు ఎలా తెలుస్తుందమ్మా?"

"రంగు సంగతి సరిచేయిస్తాం, మేడమ్."

"రంగు కాదు. రోగి రానప్పుడు నింపకుండా ఉండేలా చెయ్యి."

"అలా కుదరదు, మేడమ్. మధ్యలో ఖాళీలుంటే తర్వాతి లెక్కలేవీ రావు. సిస్టమ్ అంతా దాని మీదే నడుస్తుంది," అంది.

మృగశిర కార్తె, రెండో వారం

కమిటీ వారూ, ఏది ఎంచుకోవాలో నాకు తెలిసిపోయింది. తెలిసి కూడా వారం రోజులుగా మీకు పంపలేదు. ఎందుకంటే పరీక్ష ముగిసిన రోజున, వద్దనుకున్న సిస్టమ్‌లోని పరీక్ష రోగులందరినీ తుడిచేస్తారని మీ కాగితంలో ఉంది.

మా ఆయనకు చెప్పాను. ఇంటి దగ్గర, సాయంత్రం సైరన్ మోగి తెరలు ఎత్తాక, జొన్నరొట్టె తింటున్నప్పుడు. ఆయన చేతిలో ముక్క అలాగే ఆగిపోయింది.

"వన్నూరప్ప కండ్లు పోయినాయి. నాకు తెల్దా? కానీ మన ఆసుపత్రి మట్టుకు ఒక మూల పెట్టుకోరాదా దాన్ని? రోగులకు పలక వాడు. ఇది ఊరికే ఉంటాది, ఎవురికీ అడ్డం ల్యాకుండా."

"అట్ల ఇయ్యరు. ఒకటే ఉండాల."

"అయితే ఇదే కావాలని రాయి. ఒక్క ఏడు. నువ్వు దగ్గరుండి చూసుకుంటావు గదా, ఇంగ ఎవురికీ కానియ్యవు. పదహారో ఏడు ఎట్లుంటాదో చూసుకుంటా, చౌడీ. ఒక్క ఏడు."

"నాకు మాత్రం వద్దా?" అన్నాను. "నీ కంటే ముందు నుంచి చూసుకుంటాండా నేను. పదహారు చూస్తే పదిహేడు కావాలంటాం. పదిహేడు చూస్తే పెండ్లీడు అంటాం. ఆ పక్క పదకొండు పొలాల్లో ఎవురెవురి కండ్లు నిలకడ నిలకడ అని రాసి పంపుతాదో, వాళ్ళ దగ్గర నేనుంటానా?"

ఆయన లేచి చెయ్యి కడుక్కున్నాడు. రొట్టె తినలేదు. మా మధ్య పోట్లాట కొత్త కాదు, కానీ ఈ పోట్లాటలో నేను గెలవకూడదని నా మనసే కోరుకుంది.

మృగశిర కార్తె, చివరి రోజు

వన్నూరప్పను మళ్ళీ రమ్మన్నాను. నడిమి చూపు పోయినవాళ్ళకు పక్క చూపుతో చూసే పద్ధతి నేర్పించాలి. మనిషిని చూడాలంటే ముఖం వైపు కాకుండా కొంచెం పక్కకు, భుజం పైన గాలిలోకి చూడాలి. అప్పుడు అంచున ముఖం కొంచెం కనపడుతుంది. నేర్చుకోవడానికి నెలలు పడుతుంది.

మా ఆయన చేతికర్ర కొలత తీయడానికి ఆ గదిలోకి వచ్చాడు. సుంకులమ్మ ఎదురుగా స్టూలు మీద కూర్చుంది. వన్నూరప్ప నేను చెప్పినట్టు ఆమె భుజం పక్కకు చూడబోయాడు. అలవాటు కొద్దీ కళ్ళు మళ్ళీ ఆమె ముఖం మీదికే వచ్చేస్తున్నాయి. వచ్చిన ప్రతిసారీ ఆమె మాయమవుతోంది.

"ఉండావా?" అన్నాడు.

"ఈడనే ఉండా," అంది సుంకులమ్మ.

"కనపడి పోయినావు ఇప్పుడే. మళ్ళ ల్యా."

"యాడికి పోతా? ఈడనే ఉండా, సూడు."

మా ఆయన కొలత బద్ద పట్టుకుని అలాగే నిలబడ్డాడు. ఇద్దరూ వెళ్ళిపోయాక కూడా ఆ స్టూలు వైపే చూస్తూ ఉన్నాడు.

"ఆ యమ్మ ఉండాది, వాని కండ్లేమో ల్యాదని చెప్తాండాయి," అన్నాడు చివరికి. "మన తెరేమో లేని బిడ్డ ఉండాదని చెప్తాంది. రెండూ ఆ మిషను పనే." కొలత బద్ద జేబులో పెట్టుకున్నాడు. "రాసేయి చౌడీ, పలకే అని. రేపే రాసేయి. నాకు మళ్ళ మనసు మారిపోతాది."

ఆరుద్ర కార్తె, మొదటి రోజు

నా నిర్ణయం ఇది. మా ఆసుపత్రికీ, మిగతా అద్దాల పొలాల ఆసుపత్రులన్నిటికీ పలక సిస్టమ్‌నే ఇవ్వండి. చూడటానికి బాగోదు. నెమ్మది. కొత్తవాళ్ళు తిట్టుకుంటారు, ఖాసింబీ ఇప్పటికే తిడుతోంది. కానీ డాక్టరు చూడని కంటి గురించి అది ఒక్క ముక్క కూడా రాయదు. ఖాళీ గడి కనపడితే, ఈ మనిషి రాలేదు, పిలిపించాలి అని డాక్టరుకు తడుతుంది. కంటి ఆసుపత్రికి అంతకంటే కావలసింది లేదు. ముందుచూపు పంపిన పాత కబుర్లన్నీ రద్దు చేసి, మా కార్డుల్లో ఉండి వేరే పొలాలకు పోయిన ప్రతి కూలీనీ మళ్ళీ పిలిపించండి. మా పొలం వాళ్ళను మేము ఇప్పటికే పిలుస్తున్నాం. వన్నూరప్పకు జరిగింది నా ఆసుపత్రిలో జరిగింది. దానికి పరిహారం అడుగుతూ వేరే కాగితం పంపుతున్నాను. దాన్ని పక్కన పడేస్తే నేనే బయలుదేరి వస్తాను.

పొద్దున సైరన్‌కు ముందే మేమిద్దరం వచ్చి ముందుచూపును మూసేశాం. పరీక్ష రోగులను ఒక్కొక్కరినీ తీసేస్తుంటే, అది ప్రతిసారీ కారణం అడిగింది. మామగారి పేరు దగ్గర గబగబా నొక్కేశాను. లేపాక్షి పేరు దగ్గర జాబితా వచ్చింది: ఊరు మారారు, వేరే డాక్టరు దగ్గరికి వెళ్ళారు, చనిపోయారు, ఇతర కారణం. నా వేలు ఇతర కారణం మీదికి పోయింది. మా ఆయన నా చెయ్యి పట్టుకుని పైకి జరిపాడు. ఇద్దరి వేళ్ళతో కలిపి నొక్కాం.

ఆ కళ్ళ బొమ్మలు కాసేపు తెర మీద ఉండి చెరిగిపోయాయి. నేను అనుకున్నదాని కంటే ఎక్కువ నొప్పి పెట్టింది. నా బిడ్డ మళ్ళీ పోయినట్టే ఉంది.

సైరన్ మోగింది. తెరలు దించాం. ముందు గది నిండా జనం, పిలిపించిన కూలీలు, వాళ్ళ ఆడవాళ్ళు. వన్నూరప్ప కూడా కర్ర పట్టుకుని బెంచీ చివర కూర్చున్నాడు. మా ఆయన వెనక గదిలోంచి తయారైన జోళ్ళ పళ్ళెం తెచ్చి ఖాసింబీ చేతికిచ్చాడు. అందులో వంగపండు రంగు ఫ్రేము కూడా ఉంది. చీటీ చదివి ఆమె నా ముఖంలోకి చూసింది, తర్వాత ఆయన ముఖంలోకి చూసింది.

"అన్నా, ఇది..."

"పిలుచమ్మా," అన్నాడు ఆయన. "అందరికీ పిలిచినట్టే పిలుచు. రాకుంటే పెట్టెలో ఏసేయి. ఎవురికన్నా సరిపోతాది."

ఖాసింబీ గుమ్మంలోకి వెళ్ళింది. గొంతు సవరించుకుంది. ఆమె గొంతు సవరించుకోవడం నేను ఎప్పుడూ చూడలేదు.

"పెన్నోబులేసు కూతురు లేపాక్షీ!"

జనం అటూ ఇటూ చూసుకున్నారు. తెలిసినవాళ్ళు తల దించుకున్నారు.

"పెన్నోబులేసు కూతురు లేపాక్షీ!"

నల్లద్దాలు పెట్టుకుని వీధిలో ఆడుకునే పిల్లల్లో ఎవరో పరుగెత్తిన చప్పుడైంది. నాకు తెలియకుండానే లేచి నిలబడ్డాను. మా ఆయన కూడా గుమ్మం వైపే చూస్తున్నాడు.

మూడోసారి ఆమె గొంతు తగ్గించింది. "లేపాక్షీ. అమ్మా."

"ఎవురో పాపను పిలుస్తాండారే. రాల్యా?" అన్నాడు బెంచీ చివర వన్నూరప్ప.

"రాల్యా," అంది సుంకులమ్మ.

ఖాసింబీ కళ్ళజోడును కొంగుతో తుడిచి దానం పెట్టెలో పెట్టింది. పళ్ళెంలోంచి ఇంకో చీటీ తీసి, ముక్కు ఎగబీల్చి, తర్వాతి పేరు పిలిచింది. అతనెవరో మూలలోంచి వెంటనే, "ఆఁ, వస్తాండా," అన్నాడు.